రెండో జోడీకి ఒక బొమ్మ

గౌతమి వంతెన దాటి రావులపాలెంలో అడుగుపెట్టగానే అరటిగెలల వాసన తగులుతుంది. మాగిన పండు వాసన కాదు, అప్పుడే నరికిన పచ్చిగెల తొడిమ నుంచి కారే జిగురు వాసన. అక్కడి నుంచి కొత్తపేట వైపు మళ్ళితే ఇక ఆకాశం కొబ్బరాకుల సందుల్లోంచి ముక్కలుగా కనిపించడమే. వరంగల్‌లో పుట్టి పెరిగిన నాకు ఈ నేలలో మొదట వింతగా అనిపించింది రాయి లేకపోవడం. మా వైపు ఎటు చూసినా ఓ గుట్టో, బండో కంటికి ఆనుతుంది. ఇక్కడ ఉన్నదంతా గోదావరి మోసుకొచ్చి పోసిన ఒండ్రు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు ఈ లంకల మధ్యకు చొచ్చుకొచ్చాయి. వాకిలి దిగితే కాలువ, కాలువ దాటితే తోట, తోట దాటితే మళ్ళీ నీళ్ళు.

సంక్రాంతికి ప్రభల తీర్థం చూద్దామని వెళ్ళాను. తిరిగొచ్చాక రాయకుండా ఉండలేకపోతున్నది మాత్రం ఆటగాళ్ళ గురించి.

కొత్తపేటలో మిత్రుడి ఇంట్లో దిగాను. వాళ్ళమ్మగారు వడ్డించే తీరు గురించి చెప్పాలి. మా ఇళ్ళల్లో ఇంకొంచెం వెయ్యనా అని అడుగుతారు. వద్దంటే బతిమాలతారు. ఇక్కడ ఆ అడగడం లేదు. విస్తట్లో ఖాళీ కనిపిస్తే నిండిపోతుంది. పనసాకులతో కుట్టిన బుట్టల్లో ఆవిరి మీద ఉడికిన పొట్టిక్కలు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, అరిసెలు, పోకుండలు. "మీరేం మొహమాటపడకండి బాబూ, ఆయ్" అంటూనే మరో రెండు పొట్టిక్కలు వేశారు. పనసాకు వాసన పట్టిన ఆ పిండి రుచికి చట్నీ కూడా అడ్డే అనిపించింది.

ఆ ఇంటి మనవడు డల్లాస్ నుంచి పండక్కి వచ్చాడు. పన్నెండేళ్ళుంటాయి. ఇంటి నిండా చుట్టాలు పేకాటలో, కబుర్లలో ఉంటే వాడు అరుగు మీద బోర్లా పడుకుని, చెప్పుల డబ్బా అట్టను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి రంగు పెన్సిళ్ళతో బొమ్మలు వేస్తున్నాడు. పక్కన కూర్చుని అడిగితే బేస్‌బాల్ కార్డులన్నాడు. అమెరికాలో ఆ ఆటగాళ్ళ బొమ్మలతో కార్డులు అచ్చేసి అమ్మడం నూరేళ్ళు దాటిన వ్యాపారం. కానీ వీడు అమ్మేవాటిని పోలినవి వెయ్యడం లేదు. వాటిలో లేనివి వేస్తున్నాడు.

ఒక అట్టముక్క నా చేతికిచ్చాడు. ముందువైపు ఒక బౌలర్, వాళ్ళ మాటలో పిచర్. భారీ శరీరం, మోచెయ్యి వెనక్కి లాగి ఉంది. బంతి కుట్లు ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్కటీ విడివిడిగా దిద్దాడు. టోపీ మీద పిల్లి గుర్తు. వెనకవైపు వంకర అక్షరాలతో పేరు: కుమార్ రాకర్.

"వీళ్ళ అమ్మ పేరు లలిత, అంకుల్. అమ్మమ్మా తాతయ్యా మన ఆంధ్ర నుంచే వెళ్ళారు" అన్నాడు వాడు, తన మేనమామ గురించి చెప్పినంత గర్వంగా.

కుమార్ రాకర్ పేరు అమెరికా బేస్‌బాల్ లోకానికి కొత్తది కాదు. 2019 జూన్‌లో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థిగా, డ్యూక్ జట్టుకి ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు తీశాడు. ఆ ఏడాది కాలేజీ జాతీయ టైటిల్ వాళ్ళదే. 2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం రాయకుండా వదిలేసింది. 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకుంది. భుజానికి, మోచేతికి శస్త్రచికిత్సలు దాటుకుని 2024 సెప్టెంబరులో అసలు లీగులో తొలి ఆట ఆడాడు. రేంజర్స్ వాళ్ళ మైదానం డల్లాస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో ఉంది. పిల్లవాడికి వాళ్ళంటే ప్రాణం. మరి టోపీ మీద రేంజర్స్ గుర్తు వెయ్యకుండా ఈ పిల్లి ఏమిటి?

"రేంజర్స్ టోపీతో అందరూ వేస్తారు అంకుల్. ఇది ఎవరూ వెయ్యరు."

అది ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ టోపీ. మెట్స్ వదిలేశాక, రేంజర్స్ తీసుకోకముందు, ఏ పెద్ద జట్టుకీ చెందని రోజుల్లో కుమార్ రాకర్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ చిన్న జట్టు తరఫున ఐదు ఆటలు ఆడాడు. భుజం ఇంకా పనిచేస్తుందని లోకానికి చూపించుకోవడానికి ఆడిన ఆటలు అవి. చరిత్ర రాసేవాళ్ళు ఒక్క వాక్యంలో దాటేసే చోట ఈ పిల్లవాడు ఆగి, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, బంతికి కుట్లు వేస్తున్నాడు.

ఇలాంటి పనిని జీవితంగా చేసుకున్న చిత్రకారుడొకరున్నాడు అమెరికాలో, గ్యారీ చెరాడ్‌కోవ్‌స్కీ అని. తండ్రీ కొడుకులిద్దరికీ బేస్‌బాల్ పిచ్చి. ఎవరికీ తెలియని ఆటగాళ్ళ కథలు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. తండ్రి పోయాక ఆ కబుర్లు ఎవరికి చెప్పాలో తెలియక కార్డులు గీయడం మొదలుపెట్టాడు. నల్లజాతివాళ్ళ లీగుల్లో ఆడినవాళ్ళు, పెద్ద జట్టు గడప దాకా వచ్చి ఆగిపోయినవాళ్ళు, ఎక్కడో చిన్న ఊళ్ళో ఒక్క వేసవి మెరిసి మాయమైనవాళ్ళు. 1930ల నాటి కార్డుల రంగుల్లో వాళ్ళందరినీ గీసి 2015లో పుస్తకంగా తెచ్చాడు. కాదిర్ నెల్సన్ అనే మరో చిత్రకారుడు 2008లో నల్లజాతి లీగుల మీదే నిలువెత్తు తైలవర్ణ చిత్రాలతో పుస్తకం వేశాడు. ఆ లీగుల్లో ఆడిన జాష్ గిబ్సన్‌నే చూడండి. తెల్లవాళ్ళ లీగు తలుపు తెరుచుకోకముందే, 1947 జనవరిలో చనిపోయాడు. మూడు నెలలకు జాకీ రాబిన్సన్ ఆ తలుపు దాటాడు. గిబ్సన్ పరుగుల లెక్కలు అధికారిక రికార్డుల్లోకి ఎక్కింది 2024లో. ఎక్కీ ఎక్కగానే జీవితకాలపు బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ని దాటి మొదటి స్థానం ఆయనదైంది. లెక్కల పుస్తకం ఆయన్ని ఒప్పుకునే దాకా ఆ డెబ్బై ఏడేళ్ళూ ఆయన్ని బతికించింది చూసినవాళ్ళ మాటలూ, అభిమానుల గీతలూ.

ఆ సాయంత్రం కొత్తపేట ప్రభలు, వాటి వెంట బాణసంచా. చెవులు మూసుకుని చూశాను.

కనుమ నాడు జగ్గన్నతోట. మొసలపల్లి దగ్గర గుడీ గోపురం ఏమీ లేని ఒట్టి కొబ్బరితోట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరతారు. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు... ఒక్కో ఊరిదీ ఒక్కో ప్రభ. వెదురు బద్దలను అర్ధచంద్రంగా వంచి కట్టి, రంగు బట్టలు బిగించి, నూలు దారాలు అల్లి, గంటలూ నెమలి పింఛాలూ వరికంకులూ తగిలిస్తారు. దారి మీదే రావాలని లేదు. పచ్చని చేను మధ్య నుంచి నడిచొస్తుంది ప్రభ. పైరు తొక్కితే రైతు కోప్పడడు, శివుడే అడుగు పెట్టాడనుకుంటాడు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటడం చూడాలి. మోసేవాళ్ళు పీకల్లోతు నీళ్ళల్లో "అశ్శరభా శరభా" అని అరుస్తూ ఆ ఎత్తు ప్రభను ఒరగనివ్వకుండా గట్టుకెక్కిస్తారు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి రాగానే మిగతావాటిని ఒక్కసారి పైకి లేపి స్వాగతం చెబుతారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఈ తీర్థమే.

ఒక ప్రభ కింద భుజాలు ఒరుసుకుపోయిన కుర్రాడొకడు కొబ్బరి బోండం తాగుతూ నిలబడ్డాడు. ఈ నేత పని ఎవరిదని అడిగాను. "మా ఊరిదండీ" అన్నాడు. ఎవరు కట్టారయ్యా అంటే మళ్ళీ అదే మాట. మా బతుకమ్మా ఇంతే కదా అనుకున్నాను. గునుగు పూలకు రంగులద్ది పొద్దంతా పేర్చిన చేతుల పేర్లు ఎక్కడా రాసుకోం, సాయంత్రానికి చెరువులో వదిలేస్తాం. దేవుడి కోసం పేరు వదులుకోవడంలో అందం ఉంది. కానీ ఆటగాడి విషయంలో అదే జరిగితే నాకు బాధగా ఉంటుంది. ఆట ఆడిన మనిషికి మిగిలేది పేరొక్కటే. ముందురోజు చూసిన పిల్లవాడి కార్డు మనసులో మెదులుతూనే ఉంది, ప్రభల మధ్య తిరుగుతున్నంతసేపూ.

ఆ మర్నాడు అమలాపురం. బ్యాడ్మింటన్ తెలిసినవాళ్ళకి ఈ ఊరు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి ఊరు. 2000 ఆగస్టులో ఇక్కడే పుట్టాడు. తండ్రి కాశీవిశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయుడు, తనూ ఆటగాడే. 2025 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. కొడుకు 2014లో హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు. మలేషియా నుంచి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హర్ అతన్ని ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపాడు. ఇద్దరూ పొడుగువాళ్ళే, ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్ళే. ఆ జోడీ కుదరదనే అన్నారు చాలామంది. 2023 అక్టోబరులో ఆసియా క్రీడల బంగారం, ఆ వెంటనే ప్రపంచ మొదటి ర్యాంకు. అదే ఏడాది జపాన్‌లో కొలిచిన సాత్విక్ స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు.

బజారు వెనక సందులో ఒక సైన్‌బోర్డు ఆర్టిస్టు గారింటికి తీసుకెళ్ళాడు మిత్రుడు. డెబ్బై దాటినాయన. ఫ్లెక్సీలు రాకముందు కోనసీమలో కబడ్డీ, బాల్ బ్యాడ్మింటన్, వాలీబాల్ పోటీలకు గుడ్డ బ్యానర్లు రాసేవారు. బ్యానర్ కట్టాక ఊరికి తిరిగొచ్చేవారు కాదు, చివరి ఆట దాకా అక్కడే ఉండి, ఇంటికొచ్చాక చూసినవి గీసుకునేవారు. గోడవారగా ట్రంకుపెట్టె తెరిచి చూపించారు. పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్ల కాగితం మీద వేసిన బొమ్మలు, అడుగున కలరా ఉండల వాసన.

ఒకటి చాలాసేపు చూశాను. బాల్ బ్యాడ్మింటన్ ఆటగాడు. పసుప్పచ్చ ఊలు బంతి నేలకు జానెడు ఎత్తులో ఉంది. మనిషి దాదాపు కూర్చున్నంతగా వంగాడు. రాకెట్టు పట్టిన మణికట్టు దగ్గర మాత్రం గీత మందం మారింది. మిగతా శరీరమంతా సన్నటి ఒకే గీత. ఆ రెండంగుళాల్లో మాత్రం బ్రష్ నొక్కిపట్టి తిప్పారు.

"ఆ తిప్పుడే ఆటండీ" అన్నారాయన. "చెయ్యంతా ఊపితే బంతి బయటికెళ్ళిపోద్ది. ఈ కుర్రాడు ఆ రోజు ఓడిపోయాడండీ. ఆయ్. అయిదుగురిలో నాలుగోవాడు. కప్పు ఇచ్చేటప్పుడు వెనకాల నిలబడి ఉన్నాడు."

ఓడినవాళ్ళవే ఎందుకు వేశారని అడిగాను. "గెలిచినోళ్ళకి కప్పిత్తారు, ఫొటో తీత్తారు. వీళ్ళ ఆటెవరు చూశారండీ, నేను చూశాను కాబట్టి నేనేశాను."

తంజావూరు రాజుల కాలంలో పుట్టి మన పల్లెల్లో వేళ్ళూనుకున్న ఆట అది. దానికి మొదటి అర్జున అవార్డు 1970లో వచ్చింది ఒక తెలుగు మనిషికే. జమ్మలమడక పిచ్చయ్య గారు. 1918లో కోస్తాలో పుట్టి మా వరంగల్‌లో స్థిరపడి, నూరేళ్ళు దాటాక 2021 డిసెంబరులో వెళ్ళిపోయారు. ఆ సంగతి చెబితే ఆర్టిస్టు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పిచ్చయ్య గారి ఆట తను చూడలేదట. కానీ పెద్దవాళ్ళు ఎవరైనా వంగి బంతి తీస్తే "పిచ్చయ్య తీసినట్టు తీశాడ్రా" అనేవాళ్ళట ఈ లంకల్లో.

అప్పుడే నాకు 2022 థామస్ కప్ గుర్తొచ్చింది. ఆయనకు ఆ కథ మొదటి నుంచి చెప్పాను. 1949లో మొదలైన, దేశాల మధ్య జరిగే పురుషుల బ్యాడ్మింటన్ జట్ల పోటీ. అన్నేళ్ళలో మన దేశం ఫైనల్ ముఖమే చూడలేదు. మే 15న బ్యాంకాక్‌లో ఎదురుగా పద్నాలుగుసార్లు గెలిచిన ఇండోనేషియా. లక్ష్య సేన్ గెలిచాడు. తర్వాత సాత్విక్, చిరాగ్‌లు మొదటి గేమ్ పోగొట్టుకుని, రెండో గేమ్‌లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21, మూడోది 21-19తో బయటపడ్డారు. మన గుంటూరు శ్రీకాంత్ చివరి పని పూర్తి చేశాడు. 3-0. ఇదంతా ఆయనకు తెలుసు. ఊళ్ళో ఆ రోజు టపాసులు పేలాయట.

ఆయనకు తెలియనిది, దేశంలో చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఈ పోటీలో అయిదు ఆటలు. మూడు సింగిల్స్, రెండు డబుల్స్. రెండో డబుల్స్ నాలుగో ఆటగా వస్తుంది. మలేషియాతో క్వార్టర్ ఫైనల్లో, డెన్మార్క్‌తో సెమీఫైనల్లో ఆ నాలుగో ఆట ఆడింది గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్. ఇద్దరూ తెలుగు కుర్రాళ్ళే. రెండు రోజులూ 2-1 ఆధిక్యంలో కోర్టులోకి దిగారు, రెండు రోజులూ ఓడారు. రెండుసార్లూ అయిదో ఆటగా వచ్చిన సింగిల్స్‌లో ప్రణయ్ గెలిచి గట్టెక్కించాడు. ఫైనల్లో వాళ్ళ ఆట అవసరమే పడలేదు. ఆ రెండు రాత్రులూ ప్రణయ్ పేరుతో చరిత్రలోకి వెళ్ళాయి, వెళ్ళాల్సిందే. డెన్మార్క్ మీద చీలమండ మెలిక పడ్డాక కూడా ఆడాడు. కానీ ఓడతామని తెలిసినా ఓడకుండా ఉండేందుకు ఆ ఇద్దరు పరిగెత్తిన పరుగు కూడా ఆ కప్పులో భాగమే. వాళ్ళు లేకుండా జట్టే లేదు. ఈ మాట నేను గట్టిగా నమ్ముతాను.

ఆర్టిస్టు గారు చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ ఆట వీడియో దొరుకుద్దా అండీ?" అని మాత్రం అడిగారు. పంపిస్తానన్నాను.

అమలాపురం నుంచి రాజోలు వెళ్తూ లంకల గన్నవరం దగ్గర వైనతేయ మీద ఆగాను. 1850ల్లో కట్టిన పాత అక్విడెక్టు కమానులు ఇంకా నిలబడే ఉన్నాయి. నది మీదుగా కాలువను దాటించడమనే ఆలోచన ఎదురుగా చూస్తేనే గానీ ఒంటికెక్కదు. 2000లో వచ్చిన కొత్త అక్విడెక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1909 దాకా ఈ గన్నవరంలో, వచ్చినవాళ్ళందరికీ వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో కావాలని లండన్ నుంచి కబురొస్తే, తీయించుకోనందని, చివరికి అధికారుల ఉద్యోగాలు పోతాయని బతిమాలితే ఒప్పుకుందని ఇక్కడ చెప్పుకుంటారు. అన్నం తిన్నవాళ్ళే ఆవిడ కథను నోటిమాటగా మోసుకొచ్చారు. ఇప్పుడు ఇక్కడి మనుషులు ఆవిడ రూపాన్ని గోడల మీద, బోర్డుల మీద వేసుకుంటున్నారు.

రాజోలు దాటాక నేల సన్నబడుతుంది, అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. సరుగుడు తోట అంచున వల కట్టి కుర్రాళ్ళు వాలీబాల్ ఆడుతున్నారు. ఇసుకలో కాళ్ళు దిగబడుతుంటే ఎగరడానికి పడే కష్టం కొత్తవాడికి కూడా తెలుస్తుంది. చీకటి పడే దాకా చూశాను. ఒక్కొక్కరి పేరూ అడిగి రాసుకున్నాను ఈసారి, పన్నెండు మందివీ.

ఇంటికొచ్చాక సెమీఫైనల్ వీడియో ఆర్టిస్టు గారికి పంపాను. కొన్నాళ్ళకు ఫోన్ చేశారు. మనవడి సాయంతో ఆపి ఆపి చూశారట. ముఖాలు తర్వాత, ముందు పాదాలు పట్టుకున్నానన్నారు. సర్వీసు అందుకునేటప్పుడు వెనకవాడు మడమ ఎత్తి ఉంచుతున్నాడని, ముందువాడు రాకెట్టు కళ్ళ ఎత్తున పెడుతున్నాడని చెప్పారు. ఆ ఆటను మూడుసార్లు చూసిన నాకు ఆ మడమ కనిపించలేదు.

డల్లాస్ పిల్లవాడికి ఈ సంగతి రాస్తే, ఆ ఇద్దరికీ చెరో కార్డు వెయ్యమని వాడు కొలత పంపాడు. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర పొడవు. జీవితమంతా పది గజాల గుడ్డ మీద రాసిన మనిషికి ఆ కొలత చెప్పడానికి జంకాను. ఆయన కొలబద్ద తెప్పించుకుని అట్ట మీద గీసి చూసుకున్నారు.

"సరిపోద్దండీ. అయితే ఒక్కొక్కరికీ ఒక్కో అట్ట అన్నాడు కదా మీ కుర్రాడు, అది కుదరదని చెప్పండి. వీళ్ళు జోడీ అండీ. ఒకే అట్ట మీద వేస్తాను."

పిల్లవాడు ఒప్పుకున్నాడు. వెనకవైపు ఏం రాయాలో ఇప్పుడు వాళ్ళిద్దరూ తేల్చుకుంటున్నారు.